ఊపిరి చూసి మీట నొక్కిన బీరయ్య సార్

బీరయ్య సార్ పోయారన్న వార్త మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు నాకు చేరింది. అప్పుడు నేను పసిపిల్లల వార్డులో, ఇరవై మూడు రోజుల ఆడశిశువు మంచం పక్కన నిలబడి, ఆయన ఎప్పుడొస్తారా అని తలుపు వైపు చూస్తున్నాను. సిస్టర్ వచ్చి, "మేడం, బీరయ్య సారు కల్వకుర్తి బస్టాండ్ల పడిపోయిండట. దవాఖానకు తీస్కపోయేలోపల్నే పాణం పోయిందట" అంది. అది విని నేను అన్న మొదటి మాట చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. "మరి ఈ బిడ్డ ఎక్స్‌రే ఫోటో ఎవరు చూస్తారు?" అన్నాను.

యాభై ఆరేళ్ళ మనిషి. పదేళ్ళకు పైగా నా పక్కన పనిచేసిన మనిషి. కంట్లో నీరు ఊరకముందే నా నోటి నుంచి ఆ మాట ఊడిపడింది. ఆ రోజంతా సిగ్గుతో కుమిలిపోయాను. ఇప్పుడు కాగితం ముందు కూర్చుంటే, ఆయన గురించి నేను చెప్పగలిగిన అన్ని మాటల్లోనూ కల్తీ లేనిది అదొక్కటేనని అనిపిస్తోంది.

ఆయనను ఎరుగని వారి కోసం కొంత వివరంగా చెబుతాను. బీరయ్య సార్ డాక్టరు కాదు. మా జిల్లా దవాఖానలో ఎక్స్‌రే తీసే టెక్నీషియన్. కల్వకుర్తి దగ్గరి పల్లెలో, గొర్రెలు కాసుకుని బతికే కురుమల ఇంట పుట్టారు. పదో తరగతి వరకు సెలవులన్నీ మంద వెంటే గడిపి, ఆ తరువాత హైదరాబాదులో డిప్లొమా చదివి ఈ ఉద్యోగంలో చేరారు. కిటికీ లేని ఒక్క గదిలోనే ఆయన ఉద్యోగ జీవితం సమస్తమూ గడిచిపోయింది. నిబంధనల ప్రకారం ఫోటో తీయడం వరకే ఆయన అధికారం. అందులో ఏముందో చెప్పే అధికారం డాక్టర్లది. కానీ నవజాత శిశువు ఛాతీలో దాగిన క్షయ నీడను ఆయనంత నిశితంగా పట్టుకున్న నేత్రాలను నేను మరెక్కడా చూడలేదు. చదువుకున్న వాళ్ళలోనూ చూడలేదు, చదువు చెప్పేవాళ్ళలోనూ చూడలేదు.

క్షయ పెద్దవాళ్ళ దగ్గు జబ్బని లోకం అనుకుంటుంది. గర్భంలో ఉండగానే తల్లి నుంచి బిడ్డకు సోకే క్షయ ఒకటుంది. అరుదైనది, అందుకే మరీ ప్రమాదకరమైనది. పుట్టినప్పుడు బిడ్డ బాగానే ఉంటుంది. రెండో వారమో మూడో వారమో పాలు మానేస్తుంది, డొక్కలు ఎగరేస్తుంది, పొట్ట ఉబ్బుతుంది. చూసినవాళ్ళంతా న్యుమోనియా అనుకుంటారు. తల్లికి దగ్గే ఉండకపోవచ్చు. ఎక్స్‌రే తీస్తే, పసిపిల్లల గుండె పైభాగాన సహజంగానే పెద్దగా ఉండే థైమస్ అనే గ్రంథి నీడ తెల్లగా పరుచుకుని ఉంటుంది. దాని చాటున క్షయ గడ్డ దాక్కుంటే మహామహుల చూపు కూడా బోల్తా పడుతుంది. అనుమానంతో మందు మొదలుపెడితే చిటికెడంత కాలేయం దెబ్బతింటుందేమోనని భయం. మొదలుపెట్టకపోతే మాత్రం బిడ్డ దక్కదు.

మంగళవారం నేను ఎవరి పక్కన నిలబడ్డానో ఆ బిడ్డది సరిగ్గా ఇదే పరిస్థితి. తల్లి పేరు స్వప్న, ఇరవై ఏళ్ళ అమ్మాయి. తల్లిగారింట్లో పురుడు పోసుకుంది. ఐదు రోజులుగా ఇచ్చిన న్యుమోనియా మందులు బిడ్డ మీద ఏ ప్రభావమూ చూపలేదు. సోమవారం సాయంత్రం బీరయ్య సార్ రెండు ఫోటోలు తీశారు, ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. తెర ముందు చాలాసేపు కూర్చున్నారు. "ఇయ్యాల కండ్లు అలిసినయి మేడం. పొద్దుగాల ఒకసారి మంచి కండ్లతోని చూసి చెప్త" అన్నారు. గుమ్మంలో నిలబడ్డ స్వప్నతో, "ఫికర్ చెయ్యకు బిడ్డా, రేపొచ్చి చెప్త" అని బస్సు కోసం వెళ్ళిపోయారు. ఇంకెప్పుడూ రాలేదు.

ఒక టెక్నీషియన్ మాట కోసం పిల్లల డాక్టరు ఎదురుచూడటం ఏమిటని అడిగేవాళ్ళుంటారు. అడగాల్సిందే. నేను కూడా ఒకప్పుడు అలా అడిగిన దాన్నే, దానికి ఒక పసివాడు ప్రాణం చెల్లించాడు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది నేను ఈ దవాఖానకు బదిలీ మీద వచ్చాను. నల్లగొండలో టీచర్ల ఇంట్లో పెరిగిన దాన్ని, మాట పుస్తకాల్లోలా ఉంటుంది, కోపం ముక్కు మీద ఉంటుంది. వచ్చిన నెలలోపే ఆత్మకూర్ వైపు నుంచి పద్దెనిమిది రోజుల మగబిడ్డను తెచ్చారు. మెడలో నల్లదారానికి రాగి తాయెత్తు, సరిగ్గా ఛాతీ నడుమ పడుతోంది. ఎక్స్‌రే కోసం దాన్ని తీయబోతే వాళ్ళ అవ్వ రెండు చేతులా పట్టుకుంది. "ఇరవై ఒక్క దినాలు నిండెదాక ముట్టొద్దన్నరు. తీస్తే పిల్లగాడు దక్కడు" అని మొండికేసింది. బిడ్డ ఆయాసపడుతున్నాడు, బయట ఇంకో పది మంది వేచి ఉన్నారు, నాకు వాదించే ఓపిక లేదు. పైగా జనం నమ్మకాలను మన్నించే డాక్టర్నని లోలోపల కాస్త గర్వం కూడా. చీటీ మీద "తాయెత్తు ఉంచే తీయండి" అని రాసి సంతకం పెట్టాను.

బీరయ్య సార్ తీశారు. అరగంట తరువాత తడి ఆరని ఫిల్ము పట్టుకుని పైకొచ్చారు. "మేడం, తాయెత్తు పడ్డ జాగనే మనం పదిలంగ చూడవలసిన జాగ. దాని అంచుకు ఏదో తెల్లగ కనబడ్తున్నది. అవ్వను నేను ఒప్పిస్త, ఇంకొకటి తీద్దం. పక్కకెల్లి కూడ ఒకటి తీద్దం" అన్నారు. ఆయన ఆ మాటలు ఎంత నెమ్మదిగా అన్నారో నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను ఏమన్నానో కూడా గుర్తుంది. "ఫోటో తీయడం మీ పని బీరయ్యా, చదవడం నా పని" అన్నాను. "సరే మేడం" అని ఫిల్ము బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

ఇరవై ఒకటో రోజు పొద్దున అవ్వ తన చేత్తోనే తాయెత్తు తీసింది. అప్పుడు తీసిన రెండో ఫిల్ము తెచ్చి బీరయ్య సార్ వెలుతురుకు పట్టారు. "రెండు దిక్కుల కొర్రలు చల్లినట్టున్నది మేడం" అన్నారు, అంతే. క్షయ ఊపిరితిత్తులంతా పాకిన ఆ దశకు మా వైద్య గ్రంథాల్లో పెట్టిన పేరు కూడా చిరుధాన్యపు గింజ పేరే. నేను ఆ పేరు బట్టీపట్టి పాసైన దాన్ని. కొర్రచేను ఎలా ఉంటుందో చూసిన దాన్ని కాను. ఆయన ఆ గ్రంథం చదవలేదు, కొర్రలు చల్లిన మనిషి. మరుసటి రోజే బిడ్డ పోయాడు. తాయెత్తు తీసినందుకే పోయాడని అవ్వ గుండెలు బాదుకుంది. తీయనందుకు పోయాడని నాకు తెలుసు.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కనీసం నిందించే చూపు కూడా చూడలేదు. వారం రోజులు తట్టుకుని, చివరికి నేనే కిందికి దిగి ఆయన గదిలో కూర్చుని తప్పు ఒప్పుకున్నాను. ఆయన టీ గ్లాసు నా ముందుకు జరిపి, "తప్పు ఇద్దరిది మేడం. మీరు రాసిన్రు, నేను తీసిన. తియ్యనని కూసోవాలె నేను. కూసోలె" అన్నారు. ఆ రోజు నుంచి నేను ఆయన్ని సార్ అని పిలిచాను. టెక్నీషియన్ని సార్ అనడమేమిటని కొందరు డాక్టర్లు నవ్వుకున్నారు. నవ్వుకున్న వాళ్ళతో నాకు మాటలు తగ్గిపోయాయి.

తాయెత్తుల సంగతి ఆయన ఆ తరువాత తనదైన పద్ధతిలో తేల్చారు. తీయమని ఎవరినీ అడిగేవారు కారు. తన కుడి చెయ్యి చాపేవారు. "అవ్వా, నేను బీరప్ప దేవుని పేరు పెట్టుకున్నోన్ని. ఫోటో అయ్యెదాక నా చేతికి కట్టు. నీ మనుమడి మీదికి వచ్చేది ఏదున్నా నా మీదికొస్తది. అయినంక మల్ల నీ చేతితోనే కట్టుకో." ఏ అవ్వా కాదనలేదు. ఒక్కోసారి ఆయన మణికట్టు నిండా నల్లదారాలు, రాగిబిళ్ళలు, గవ్వలు వేలాడుతుండేవి. వాటితోనే, కిరణాలు తగలకుండా వేసుకునే ఆ బరువైన సీసం కోటు తొడుక్కుని, పసిగుడ్డును రెండు చేతులా పట్టుకుని నిలబడేవారు. మూఢనమ్మకాన్ని పెంచుతున్నారని ఒక అధికారి ఆయనకు మెమో ఇచ్చారు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "కాయిదం మంచిగున్నది, గట్టిగున్నది" అని నవ్వారు.

ఇక ఆయన పనితనం. పెద్దవాళ్ళకైతే ఊపిరి పీల్చి బిగబట్టమని చెప్పవచ్చు. పసిబిడ్డకు ఎవరు చెబుతారు? ఊపిరి నిండినప్పుడు మీట నొక్కితేనే ఊపిరితిత్తులు తేటగా కనిపిస్తాయి. వదిలినప్పుడు నొక్కితే లేని జబ్బు కనిపిస్తుంది, ఉన్న జబ్బు దాక్కుంటుంది. ఆయాసపడే శిశువు ఊపిరికీ ఊపిరికీ మధ్య రెప్పపాటు కూడా ఉండదు. బీరయ్య సార్ బిడ్డ ముఖం చూసేవారు కారు. పొట్ట చూసేవారు. పొట్ట లేచే లయ తన ఒంట్లోకి ఎక్కేదాకా కదలకుండా నిలబడి, అప్పుడు నొక్కమని సైగ చేసేవారు, లేదా ఎవరైనా బిడ్డను పట్టుకుంటే తనే నొక్కేవారు. ఊపిరి తప్పి రెండోసారి తీయాల్సి రావడం నేను చూడలేదు. ఈ విద్య ఎక్కడిదని ఒకసారి అడిగాను. "ఈనిన గొర్రె దగ్గర పిల్ల నిలబడకుంటే మా బాపు నాతోని దాని డొక్క మీద చెయ్యి పెట్టిపిచ్చేటోడు. ఊపిరి ఎట్లున్నదో చేతికి తెల్వాలె అనేటోడు. గంతే మేడం" అన్నారు. బిడ్డ ఏడుస్తుంటే మిగతావాళ్ళం కంగారుపడేవాళ్ళం, ఆయన మాత్రం స్థిమితపడేవారు. "ఏడ్చేటి పిల్ల ఊపిరి నిండ పీలుస్తది. ఏడ్వని పిల్లకే భయపడాలె" అనేవారు.

ఆయన తరచూ అనే మాట ఇంకొకటి ఉంది. "ఒక గొర్రె దగ్గితే మందంత చూడాలె." బిడ్డ ఫోటోలో ఏ కాస్త అనుమానం తగిలినా, తల్లినీ, అవ్వనూ, తాతనూ, వెంట వచ్చిన చుట్టాన్నీ వరుసగా నిలబెట్టి ఫోటో తీయించమని నాతో చీటీలు రాయించేవారు. అత్త ఎదుట కోడలు తనకు దగ్గుందని చెప్పదు. చెబితే పిల్లను పుట్టింటికి పంపిస్తారని భయం. ఆ భయం ఫోటోకు ఉండదు కదా. మూడేళ్ళ కిందట చిట్యాల నుంచి ఇటు కాపురానికి వచ్చిన ఒక కోడలికి అలాగే క్షయ బయటపడింది. ఆమె బిడ్డకూ మందు పడింది. ఆ పిల్ల ఇప్పుడు అంగన్‌వాడీకి పోతోంది. నెలకోసారి వాళ్ళ తాత దవాఖానకు వచ్చి, ఎక్స్‌రే గది ముందు నిలబడి, లోపలికి రాకుండానే దండం పెట్టి పోతాడు. ఈ నెల ఆయనకు ఏమని చెప్పాలో నాకు తెలియదు.

నా గురించి ఒక నీచమైన సంగతి కూడా రాయాలి. ఆయన తీసిన ఫోటోలన్నీ చేర్చి హైదరాబాదులో డాక్టర్ల సభలో ఒక ప్రసంగం చేశాను. నా పేరే రాసుకున్నాను. ఆయన వెనక వరుసలో, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫిల్ముల కవర్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నవజాత శిశువులో క్షయను ఇంత తొందరగా ఎలా పట్టారని ఒక పెద్దాయన అడిగితే, "అనుభవం" అన్నాను. హాలంతా చప్పట్లు కొట్టింది. తిరుగు ప్రయాణంలో బస్సులో బీరయ్య సార్, "మంచిగ చెప్పిన్రు మేడం, నాకు గూడ మంచిగ సమజైంది" అన్నారు. ఆ మాటలో వెటకారం ఉంటుందేమోనని ఎంత వెతికానో. లేదు.

ఆయనను దేవుణ్ణి చేయను, ఆయనకే నచ్చదు. పరమ మొండి. మధ్యాహ్నం జొన్నరొట్టె, ఎల్లిగడ్డ కారం ఆ గదిలోనే తినేవారు, ఎవరెంత చెప్పినా మానలేదు, సాయంత్రం దాకా ఆ వాసన పోయేది కాదు. కొత్త యంత్రం వచ్చి ఫోటోలు కంప్యూటర్ తెర మీద కనిపించడం మొదలైనప్పుడు నెల రోజులు దానితో, అలిగి భార్యతో మాటలు మానేసిన భర్తలాగా ప్రవర్తించారు. అన్నిటికన్నా పెద్ద లోపం, ఆయనకు నేర్పడం రాదు. ఏది ఎలా కనిపిస్తుందో చెప్పమంటే తెర మీద వేలు పెట్టి, "గిదిగో, చూడున్రి మేడం, చూస్తే కనబడ్తది" అనేవారు. నాకు చిర్రెత్తుకొచ్చేది. కూర్చుని, ఆ వేలు ఎక్కడ ఆగుతోందో, ఎందుకు ఆగుతోందో ఓపికగా పట్టుకుని రాసుకుని ఉంటే నాకు ఎంతో కొంత వచ్చేది. పదేళ్ళలో ఆ పని చేయలేదు. సార్ ఉన్నారు కదా అనుకున్నాను. ఆయన రిటైరవడానికి ఇంకా నాలుగేళ్ళుంది కదా అనుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నానికి స్వప్న బిడ్డ ఫోటోలు ఫోనులో హైదరాబాదుకు పంపాను. ఇద్దరు నిపుణులు చూశారు. ఒకరు, థైమస్ నీడ మాత్రమే, కంగారు వద్దన్నారు. మరొకరు, అనుమానంగా ఉంది, ఇంకా స్పష్టమైన ఫోటో పంపమన్నారు. స్పష్టమైన ఫోటో. కాంట్రాక్టు మీద పనిచేసే కుర్ర టెక్నీషియన్ మూడుసార్లు ప్రయత్నించాడు. మూడుసార్లూ ఊపిరి వదిలినప్పుడే పడింది. నాలుగోసారి నేనే సీసం కోటు వేసుకుని బిడ్డను పట్టుకున్నాను. పొట్ట చూశాను. లేస్తోంది, దిగుతోంది, లేస్తోంది. "ఇప్పుడు" అన్నాను. నేను అనేటప్పటికే అది దిగిపోయింది. ఇక బిడ్డను హింసపెట్టవద్దని సిస్టర్ నా చేతుల్లోంచి తీసుకుంది. తల్లి ఛాతీ ఫోటో కూడా తీయించాను. అందులో ఏమీ లేదు. బిడ్డ కడుపులోని నీరు తీసి పరీక్షకు పంపితే క్షయ లేదని వచ్చింది. పసిపిల్లల్లో ఆ పరీక్ష మొదటిసారి అబద్ధం చెప్పడం మామూలే కాబట్టి, వరుసగా మూడు పొద్దులు పంపే ఏర్పాటు చేశాను. సాయంత్రం స్వప్న, "ఆ సారు రాలేదా మేడం?" అని అడిగింది. రేపు వస్తారని చెప్పాను.

బుధవారం ఆయన ఊరికి వెళ్ళాను. అప్పటికే దహనం అయిపోయింది. ఇంటి ముందు పందిట్లో ఆడవాళ్ళ మధ్య ఆయన భార్య అంజమ్మ గారు కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని, "నీ పేరు చెప్పుకుంటనే పోయిండమ్మా. పొద్దుగాల చాయి తాగుకుంట, ఒక పసిగుడ్డుది చూడాలె, మేడం ఎదురుచూస్తుంటది అన్నడు" అని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే, ఆమె చెయ్యి వదలకుండానే అడిగాను. "ఏం చూశారో ఏమైనా చెప్పారా అమ్మా? జబ్బు ఉందన్నారా, లేదన్నారా? గుర్తు చేసుకోండి."

చుట్టూ ఉన్నవాళ్ళు నా ముఖం వైపు వింతగా చూశారు. అంజమ్మ గారు కొంగుతో కళ్ళు తుడుచుకుని నిజంగానే ఆలోచించారు, అదే నన్ను ఇంకా పొడుస్తోంది. "లేదమ్మా. నాకేం చెప్తడు, నేనేం డాక్టర్నా? చాయిల చక్కెర తక్కువైందన్నడు. గంతే" అన్నారు. చితి ఆరని ఇంట్లో ఒక వితంతువును నేను అడిగిన ప్రశ్న అది. ఇంకొకసారి అలాంటి పరిస్థితి వచ్చినా అదే అడుగుతాను.

స్కానింగ్ చేసే డాక్టరు మా దవాఖానకు వారానికి రెండు రోజులే వస్తారు. గురువారం వచ్చి బిడ్డ పొట్ట స్కాన్ చేస్తే కాలేయంలో సన్నటి మచ్చలు కనిపించాయి. తల్లి రక్తం బొడ్డుతాడు గుండా మొదట చేరేది అక్కడికే కాబట్టి, గర్భంలో సోకిన క్షయ ముందు అక్కడే గూడు కడుతుంది. ఇక ఆలోచించలేదు, మందు మొదలుపెట్టాను. అప్పటికి రెండు పగళ్ళు, రెండు రాత్రులు గడిచిపోయాయి. ఆ రెండు రోజులూ నేను ఎవరైనా పెద్దవాళ్ళు చెబితే బాగుండునని ఫోను చూసుకుంటూ గడిపాను. ఆ లోపే సిస్టర్ నోట సార్ పోయిన సంగతి విని, స్వప్న నన్ను మళ్ళీ ఆయన గురించి అడగడం మానేసింది.

శుక్రవారం మధ్యాహ్నం దవాఖానలో సంతాప సభ పెట్టారు. ఆయన ఫోటోకు బంతిపూల దండ వేశారు. అంకితభావానికి మారుపేరని, అజాతశత్రువని, ఆయన లేని లోటు పూడ్చలేనిదని ఒకరి తరువాత ఒకరు మాట్లాడారు. మెమో ఇచ్చిన అధికారి కూడా మాట్లాడారు. నన్ను మాట్లాడమన్నారు. లేచాను, ఆయన ఫోటో వైపు చూసి, మళ్ళీ కూర్చున్నాను. దుఃఖం అనుకుని అందరూ జాలిపడ్డారు. నాకు వచ్చింది కోపం. ఆయన లేని లోటు ఎక్కడుందో వీళ్ళలో ఒక్కరికీ తెలియదు. అది పై అంతస్తులో, మూడో మంచంలో, ఆక్సిజన్ గొట్టం కింద డొక్కలు ఎగరేస్తోంది.

శనివారం పొద్దున బిడ్డ ఏడవడం మానేసింది. పది గంటలకు పోయింది. ఇంకా పేరు పెట్టలేదు. జబ్బు తగ్గాక పెడదామనుకున్నారట. ఆ తరువాత గంటకు, మూడో పొద్దు పంపిన కడుపు నీటి పరీక్ష ఫలితం వచ్చింది. క్షయ ఉంది. స్వప్నకు పరీక్షలు చేయించి మందు ఇవ్వాలి, ఇంట్లో అందరినీ చూడాలి. ఆ కాగితాలన్నీ రాసి పెట్టాను. రాస్తూ సోమవారం సాయంత్రం ఆయన తీసిన పక్క ఫోటోను మళ్ళీ తెరిచాను. ఇప్పుడు కనిపించింది. గుండె వెనక, శ్వాసనాళం చీలే చోట, చిక్కుడు గింజంత నీడ. చూస్తే కనిపిస్తుంది, ఆయన చెప్పినట్టే.

బిడ్డను గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని స్వప్న ఆటో కోసం మెట్ల మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. నా వైపు చూడకుండానే, "మేడం, గా సారు ఉంటే నా బిడ్డ బతుకుతుండెనా?" అని అడిగింది.

"అట్లా అనుకోవద్దమ్మా. ఎవరున్నా ఇంతే అయ్యేది" అన్నాను. ఆమె తల ఊపింది. ఆటో వచ్చింది, వెళ్ళిపోయింది.

ఆ మాట అబద్ధం. ఆయన ఉంటే మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఆ నీడ మీద వేలు పెట్టేవారు, పదింటికి మందు పడేది. ఆ మందుతో అంతకుముందు పిల్లలు బతికారు. బీరయ్య సార్ స్మృతికి నేను సమర్పించగలిగింది ఈ ఒక్క నిజమే. స్వప్నకు చెప్పడానికి నాకు నోరు రాలేదు కాబట్టి, ఎవరైనా చదివి వినిపిస్తారన్న ఆశతో ఇక్కడ రాస్తున్నాను. ఆయన ఉంటే నీ బిడ్డ బతికేది, తల్లీ.